చీటీ మీద ఆరంకె

లవంగనూనె వాసన ముక్కుకి తగిలితే చాలు, నా కుడి దవడ ఇప్పటికీ బిగుసుకుంటుంది.

మొన్న అమ్మాయీ నేనూ కలిసి మనవణ్ణి అన్నానగర్‌లో పిల్లల పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. గోడల నిండా జిరాఫీలు, మొసళ్ళు. పడుకునే కుర్చీకి సరిగ్గా పైన, సీలింగుకి టీవీ. వాడు నోరు తెరుచుకుని హాయిగా కార్టూన్ చూస్తున్నాడు. ఏసీ చల్లగాలిలో సన్నగా ఆ వాసన. నాకు తెలియకుండానే కొంగు బుగ్గకి అదుముకుని కూర్చున్నాను. డాక్టరమ్మ అది చూసి, "ఏంమ్మా, భయం మీకా?" అని తమిళంలో అడిగి నవ్వింది. లవంగనూనెలో ఉండే యూజినాల్‌నే జింక్ ఆక్సైడ్ పొడితో కలిపి పళ్ళకి పెడతారట. పళ్ళాసుపత్రుల్లో ఆ వాసన రావడం అందుకేనని చెప్పింది.

"ఆరో ఏటి పళ్ళు నాలుగూ వచ్చేశాయి" అంది, వాడి నోట్లో చిన్న అద్దం తిప్పుతూ.

"కింద కుడివైపుది కాస్త ఆలస్యం డాక్టర్. దీపావళికి కనిపించింది" అంది మా అమ్మాయి టక్కున.

ఆ మాటకి నాకు అమ్మ గుర్తొచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని ఉండే ఎనభై నాలుగేళ్ళ అమ్మ కాదు. కుచ్చెళ్ళు ఎగదోపుకుని, చంకన ఇత్తడి బిందె పెట్టుకుని తూము దగ్గర నిలబడ్డ అమ్మ.

*

మాది జార్జ్‌టౌన్. గోవిందప్ప నాయకన్ వీధిలోంచి లోపలికి వెళ్ళే ఒక సందు. ఒకటే వీధి వాకిలి, లోపల ఏడు కాపురాలు, అందరికీ కలిపి ఒక కొళాయి, ఒక చేతిపంపు. మా వాళ్ళది కనిగిరి పక్కన పల్లె. నాన్న మీసాలు రాని వయసులోనే కరువు తట్టుకోలేక మద్రాసు రైలెక్కాడు. కొత్వాల్ చావడిలో ఒక బెల్లం మండీలో మొదట తూకం దగ్గర, తర్వాత గుమాస్తాగా కుదురుకున్నాడు.

కొత్వాల్ చావడి అంటే ఇప్పటి పిల్లలకి ఏం తెలుస్తుంది! 1996లో కోయంబేడుకి తరలిపోయేదాకా ఊరంతటికీ కూరలూ పళ్ళూ అక్కడి నుంచే. తెల్లవారుజామున మూడింటికే చేతిబండ్ల చక్రాలు గడగడలాడేవి. "వళి, వళి" (దారి, దారి) అని తమిళంలో అరుస్తూ నెత్తిన బుట్టలతో కూలీలు పరిగెత్తేవాళ్ళు. కుళ్ళిన క్యాబేజీ ఆకులు, తడిసిన గోనెలు, వాటి మధ్యలోంచి పులిసిన తియ్యటి వాసన వస్తే అది మా నాన్న మండీ. ఆ వాసన ఆయన చొక్కాలకి పట్టేసింది. చాకలికి వేసినా పోయేది కాదు. సాయంత్రం ఆయనకన్నా ముందు ఈగలు ఇంటికొస్తాయని పక్కింటావిడ ఎగతాళి చేసేది.

నలిగిన అచ్చులు, దిమ్మ పగలగొట్టినప్పుడు రాలిన ముక్కలు కాగితంలో చుట్టి తెచ్చేవాడు. రంగు చూసి ఇది అనకాపల్లిది, ఇది వేలూరు వైపుది అని చెప్పేవాడు. "చక్కెరైతే చెడుపు గానీ బెల్లానికేం? రక్తం పడుతుంది" అన్నది ఆయన సిద్ధాంతం. నాకు ముక్క కొరికి నమిలే అలవాటు లేదు. కుడి బుగ్గలో అట్టేపెట్టుకుని, ఊరిన రసం కొంచెం కొంచెం మింగుతూ, ఎక్కాలు వల్లిస్తూ, అలాగే చాప మీద నిద్రపోయేదాన్ని. పొద్దున్నే తలగడ మీద చీమలు. అమ్మ చీమల్ని దులిపేది, తలగడ ఎండలో వేసేది. నా నోట్లోకి మాత్రం చూసేది కాదు.

బడి గేటు దగ్గర ఇంకో లోకం. కొరికితే పాకం చిమ్మే ఎర్రటి తేన్ మిఠాయి. పళ్ళకి అతుక్కుని ఓ పట్టాన వదలని కమర్‌కట్టు. గడకి బొమ్మ కట్టుకుని వచ్చే జవ్వు మిఠాయి తాత. ఆ బొమ్మ చప్పట్లు కొట్టిందంటే సందులో పిల్లలందరం వీధిలోకి. ఐదు పైసలకి చేతికి మిఠాయి గడియారం చుట్టి, కొసరుగా ఓ చిన్న ముక్క బుగ్గకి అంటించేవాడు. కొసరు ముందు తినాలా, గడియారం ముందు తినాలా అన్నది ఆ రోజుకి మాకున్న పెద్ద టెన్షన్.

*

పళ్ళు తోముకోవడం అంటే మా ఇంట్లో నీళ్ళ లెక్క. ఎండాకాలంలో కొళాయి అర్ధరాత్రి దాటాక ఎప్పుడో గురగురమనేది. ఆడవాళ్ళు వరసలో బిందెలు పెట్టుకుని అక్కడే కునికేవాళ్ళు. అందుకని పొద్దున మనిషికి ఒక చెంబు. ముఖమూ అందులోనే, నోరూ అందులోనే.

అవ్వ ఊరి నుంచి వస్తే వేపపుల్లల కట్ట తెచ్చేది. అవి అయిపోతే పొయ్యిలో బొగ్గు, కల్లుప్పు. నాన్నకి మంకీ బ్రాండ్ నల్లపొడి. పిల్లలకి గోపాల్ పల్పొడి. రోజారంగులో, తియ్యగా ఉండేది. వేలు ముంచి పళ్ళకి సగం, నాలిక్కి సగం. తమ్ముడు అరచేతిలో పోసుకుని తలుపు చాటున తినేసేవాడు. పై వాటాలో సేటు గారబ్బాయికి బినాకా పేస్టు. ఆ పెట్టెలో ఓ చిన్న ప్లాస్టిక్ జంతువు బొమ్మ వచ్చేది. వాడి దగ్గర ఒంటె ఉండేది. మాకు ఆశంతా ఒంటె మీదే. పేస్టు మీద ఏమాత్రం లేదు.

ఏడు కాపురాల మగవాళ్ళు తూము దగ్గర వరసగా నిలబడి రేకు బద్దలతో నాలుక గీసుకుంటుంటే ఆ చప్పుడుకి గోడ మీద కాకులు ఎగిరిపోయేవి. ఆ హంగామా అంతా పొద్దుటి పూటే. రాత్రి పడుకోబోయే ముందు పళ్ళు తోముకోవాలన్న మాట ఆ వాకిట్లో ఎవరి నోటా వినలేదు. ఎవరైనా తోముకుని ఉంటే, పాపం ఒంట్లో బాగాలేదేమో అనుకునేవాళ్ళం.

*

అమ్మకి మా పళ్ళ మీద శ్రద్ధ లేదంటే నాకు పాపం తగులుతుంది. నాకు మొదటి పన్ను పైన వచ్చింది. పై పన్ను ముందొస్తే మేనమామకి గండమంటారు కదా, నెల్లూరు నుంచి మామని పిలిపించి, ఏదో శాంతి చేయించి, కొత్త పంచె పెట్టి పంపించారు. అది ఏ తిథినాడో అమ్మకి ఇప్పటికీ నోటికొచ్చు. మామ ఎనభై దాటేదాకా చెరుకుగడ పళ్ళతో చీల్చుకుని తిన్నాడు, అది వేరే సంగతి.

తమ్ముడు వేలు చీకుతుంటే ఎత్తుపళ్ళు వస్తాయని వేలికి వేపనూనె రాసింది. వాడు దానికీ అలవాటు పడ్డాడు. ఊడిన ప్రతి పాలపన్నుకీ ఒక పేడముద్ద. ఎడ్లబండ్లు తిరిగే వీధి కాబట్టి పేడకి కొదవ లేదు. పన్ను ముద్దలో పెట్టి, వంటింటి పెంకుల మీదికి విసిరి, వెనక్కి చూడకుండా లోపలికి రావాలి. అలా మా ముగ్గురివీ అన్ని పళ్ళూ ఆ కప్పు మీదికే వెళ్ళాయి. మనిషికి ఇరవై పాలపళ్ళు. ఏది పండక్కి ఊడిందో, ఏది పరీక్షలప్పుడు ఊడిందో అమ్మ చెప్పగలిగేది.

ఏ పన్నూ ఊడకుండానే వచ్చే పన్ను ఒకటుందని మాత్రం ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పిల్లకి ఆరేళ్ళు వచ్చేసరికి పాలపళ్ళన్నిటికీ వెనక, పైన రెండు, కింద రెండు మెల్లగా మొలుస్తాయి. ముందున్నది ఏదీ కదలదు, రాలదు. పేడముద్ద అవసరం పడలేదు కాబట్టి మా ఇంట్లో వాటి రాక ఎవరి లెక్కలోకీ ఎక్కలేదు. వెనక ఉండేవి కదా, అవీ పాలపళ్ళే, ఎప్పుడో ఊడతాయనుకున్నారు.

నాకు కుడివైపుది మొలిచిన చోటే బెల్లం ముక్క ఉండేది.

*

మూడో తరగతిలో ఉన్నప్పుడనుకుంటా, పళ్ళ డాక్టరు చదువుతున్న పిల్లలు మా బడికొచ్చారు. తెల్లకోట్లు, చేతిలో టార్చిలైట్లు. మమ్మల్ని వరండాలో వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ "ఆ" అనమన్నారు. నా దగ్గరికొచ్చేసరికి ఒకాయన ఆగి, పక్కాయన్ని పిలిచి చూపించాడు. నాకు బోలెడంత గర్వం. చీటీ రాసి, ఇంట్లో ఇవ్వమన్నాడు.

చీటీ మీద కూడిక గుర్తులాంటి రెండు గీతలు. కింద, ఎడమ మూలలో ఆరంకె. దాని పక్కన ఇంగ్లీషులో రెండు ముక్కలు.

నాన్న దాన్ని దీపం దగ్గర పెట్టి తిప్పి తిప్పి చూశాడు. ఆయన అంకెల మనిషి. మణుగులూ వీశెలూ పోయి కిలోలు వచ్చినా రెంటినీ ఒకేసారి వేళ్ళ మీద కూడగలిగినవాడు. ఇంగ్లీషు మాత్రం రాదు. "పళ్ళకి మార్కులు వేసినట్టున్నారు. పదికి ఆరు" అన్నాడు. "ఫరవాలేదులే, పాసైంది."

అమ్మ సంతోషించింది. చీటీ వెళ్ళి చిట్టా పుస్తకంలో చేరింది.

*

తర్వాత ఏడాదో, ఆ పై ఏడాదో, దసరా సెలవుల్లో పన్ను సలపడం మొదలుపెట్టింది. ముందు చల్లటి నీళ్ళకి జివ్వుమనేది. తర్వాత నీళ్ళూ ఏమీ లేకుండానే అర్ధరాత్రి లేపేది. అమ్మ లవంగం నూరి పెట్టింది. ఇంగువ పెట్టింది. హారతి కర్పూరం పెట్టింది. చివరికి మందుల షాపు నుంచి లవంగనూనె తెచ్చి దూదితో అద్దింది. నా తల ఒళ్ళో పెట్టుకుని, "పాలపన్నే తల్లీ, ఊడిపోతే కొత్తది వస్తుంది" అని జోకొట్టేది. ఆవిడ నమ్మే అంది. నేనూ నమ్మే నిద్రపోయాను.

పక్కింటావిడ ఎక్కడి నుంచో పంటి పురుగు తీసే ఆమెని పట్టుకొచ్చింది. ఆమె నిప్పుల మీద నేలములక గింజలు వేసి, గొట్టంతో నా నోట్లోకి పొగ పట్టించింది. నేను దగ్గుతూ నీళ్ళ పళ్ళెంలో ఉమ్మితే, తెల్లగా సన్నగా తేలుతున్నవేవో చూపించి "ఇవిగో" అంది. నాన్న రెండు రూపాయలిచ్చాడు. పన్నులో పురుగేమీ ఉండదనీ, కంటికి కనిపించని సూక్ష్మజీవులు తీపిని తిని ఊరించే ఆమ్లం పన్నుని కరిగిస్తుందనీ నాకు తెలిసేసరికి నేను ఉద్యోగంలో ఉన్నాను. మరి ఆ పళ్ళెంలో తేలినవి ఎక్కడివో ఆమెకే తెలియాలి.

దవడ వాచి నోరు తెరవడం కష్టమయ్యాక ఇక కోట స్టేషనుకి ఎదురుగా ఉన్న ప్రభుత్వ పళ్ళాసుపత్రికి బయల్దేరాం. 1953లో మద్రాసు మెడికల్ కాలేజీకి అనుబంధంగా మొదలైన కాలేజీ అది. అవ్వ వద్దే వద్దంది. పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని ఆవిడ భయం. నాన్నకి మండీలో సీజను. అమ్మ ఒక్కతే నన్ను రిక్షాలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది. దారి పొడుగునా నా కళ్ళు మూసి తెరిచి చూపించమనేది, ఇంకా పీకకముందే.

ఒక పెద్ద డాక్టరమ్మ, చుట్టూ డజను మంది చదువుకునే పిల్లలు. నోరు చూసి, ఎంతకాలంగా నొప్పి అని అడిగింది. అమ్మ తన తెలుగు తమిళంలో, "పాలపన్నేనండీ" అంది. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని అమ్మ తర్వాత అనేది. "కాదమ్మా, ఇది ముసలయ్యేదాకా ఉండాల్సిన పన్ను. పోతే మళ్ళీ రాదు" అంది మెల్లగా. ముందు వాపు తగ్గాలని మందులిచ్చి నాలుగు రోజులాగి రమ్మంది.

ఆ రాత్రి అమ్మ చిట్టా పుస్తకాలన్నీ దులిపి ఆ చీటీ బయటికి తీసింది. నాలుగో రోజు దాన్ని డాక్టరమ్మ చేతిలో పెట్టింది. పాలపళ్ళకైతే ఇంగ్లీషు అక్షరాలు రాస్తామనీ, ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు శాశ్వత దంతాలకేననీ ఆవిడ చెప్పింది. ముందుపన్ను నుంచి లెక్కపెడితే ఆరోది. చూసేవాళ్ళకి ఎదురుగా బిడ్డ నిలబడుతుంది కాబట్టి చీటీలో ఎడమ అంటే బిడ్డకి కుడి. ఆ అంకె అప్పుడే అంతా చెప్పింది. పైభాగం ఇంకా మిగిలి ఉన్న రోజుల్లో తీసుకొచ్చి ఉంటే సిమెంటు పెట్టి నిలబెట్టేవాళ్ళట.

పీకడం నిమిషాల పని. స్టీలు పళ్ళెంలో ఠంగుమని చప్పుడు. అమ్మ పన్ను అడిగి తీసుకుని దూదిలో చుట్టుకుంది. ఇంటికొచ్చాక పంపు దగ్గర దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడింది. పాలపన్ను కాని పన్నుకి పేడముద్ద పెట్టాలా వద్దా అని పక్కింటావిణ్ణి అడగడం వినిపించింది. ఆవిడకీ తెలీదు. తర్వాత ఏం చేసిందో నేను అడగలేదు.

నాన్న బెల్లం తేవడం మానలేదు. ఎంత తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నాం, ఎంతసేపు నోట్లో ఉంచుకున్నాం అన్నదే ముఖ్యమని డాక్టరమ్మ చెప్పిందట. అందుకని అన్నం తిన్నాకే ముక్క, ముక్క అయిపోయేదాకా ఆయన చెంబుతో ఎదురుగా కూర్చుని ఉండేవాడు. పుక్కిలిస్తేగానీ లేవనిచ్చేవాడు కాదు. నా పద్దతిలో బెల్లం తినే సుఖం అంతటితో సరి.

ఖాళీ అయిన చోటికి పక్క పన్ను వాలింది. పై పన్ను కిందికి జారింది. నేను యాభై ఏళ్ళుగా ఎడమవైపే నములుతున్నాను.

*

ఆ తర్వాత అమ్మకి పళ్ళ పిచ్చి పట్టింది. వేసవికి కనిగిరి వెళ్తే మా మేనత్త పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి నోళ్ళు చూసింది. అందరివీ గోధుమరంగు చారల పళ్ళు. కొందరివి గుంటలు పడి ఉన్నాయి. "ఎంత బద్ధకమే మీకు" అని తిట్టి, ఇటుక పొడితో తోమించింది. చిగుళ్ళు రక్తాలు కారాయి తప్ప చారలు పోలేదు. పిల్లలు ఏడుస్తుంటే మేనత్త తలుపు వెనక నిలబడి తనూ ఏడ్చింది. మద్రాసులో పెరిగిన మా ముందు తన పిల్లలు సోమరులైపోయారని.

తప్పు వాళ్ళది కాదు, నీళ్ళది. ఆ వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అది దాటిన నీళ్ళు పళ్ళు తయారయ్యే వయసులో ఏళ్ళ తరబడి తాగితే ఆ చారలు వస్తాయి, తోమితే పోవు. అదే ఫ్లోరైడ్ పేస్టులో కొద్దిగా ఉంటే పళ్ళు పుచ్చకుండా కాపాడుతుంది. మేనత్త కూతురి పెళ్ళిచూపుల్లో పెదవులు మూసుకుని నవ్వడం నేర్పించారు. ఆ అమ్మాయి ఇప్పటికీ అలాగే నవ్వుతుంది.

*

ఇన్ని తెలిసిన దాన్ని, నా కూతురి విషయంలో నేనేమైనా ఒరగబెట్టానా అంటే అదీ లేదు. నాకు టెలిఫోన్స్‌లో ఉద్యోగం. రాత్రి షిఫ్టులు. పిల్ల నిద్రపోవాలంటే నోట్లో పాలసీసా ఉండాలి, పాలలో చక్కెర ఉండాలి. సీసా నోట్లోనే నిద్ర. రెండేళ్ళు నిండేసరికి పై ముందుపళ్ళ మీద చిగురు దగ్గర సున్నం గీసినట్టు తెల్లటి చార. అందంగానే ఉందనుకున్నాను. అది గోధుమరంగు తిరిగి, అంచులు రాలిపోవడం మొదలైంది. ఐరన్ టానిక్ వల్ల అన్నారొకరు. వేడి చేసిందన్నారొకరు. తల్లి ఉద్యోగానికి పోతే అంతేనన్నారు మా అత్తగారు. ఆవిడ మాటలో ఎంతో కొంత నిజం ఉందేమోనని నేను కుమిలిపోయాను. సీసా పెట్టి పడుకోబెట్టింది ఆవిడే అన్నది ఆ గొడవలో ఇద్దరికీ గుర్తు రాలేదు.

కింది పళ్ళు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. పాలు తాగేప్పుడు నాలుక వాటిని కప్పేస్తుంది కాబట్టి అవి మిగిలాయని డాక్టరు చెప్పాడు. "ఎలాగూ ఊడే పళ్ళే కదా" అని నేను నోరు జారాను. అమ్మ పక్కనే ఉంది. నా వైపు ఒక చూపు చూసింది. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

ఆ కూతురే ఇప్పుడు కొడుక్కి మొదటి పన్ను రాగానే, పుట్టినరోజు కూడా రాకముందే, డాక్టరుకి చూపించింది. బియ్యపుగింజంత పేస్టు, మూడేళ్ళు నిండాక బఠానీ గింజంత. ప్రకటనల్లో బ్రష్షు ఈ చివర నుంచి ఆ చివర దాకా అలలా వేసి చూపిస్తారే, దాన్ని చూసి మేమెంత పేస్టు తగలేశామో! రాత్రి వాడు ఎంత గింజుకున్నా తనే తోముతుంది. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లలకి సొంతంగా సరిగ్గా తోముకోవడం చేతకాదట. ఆ గలాటా చూస్తే నాకే విసుగొచ్చి, ఒక్క రోజుకి వదిలెయ్యవే అంటాను.

*

మొన్న డాక్టరమ్మ వాడి ఆరో ఏటి పళ్ళ గాళ్ళలో ఏదో పల్చటి పూత నింపి, నీలం లైటు పట్టింది. అన్నం మెతుకులు ఇరుక్కోకుండా అట. సీలెంట్ అంటారు. నొప్పీ లేదు, సూదీ లేదు. వాడికి మొసలి స్టిక్కరు ఇచ్చింది.

ఇంటికి రాగానే వాడు మా అమ్మ దగ్గరికి పరిగెత్తి నోరు తెరిచాడు. "తాతమ్మా, చూడు, నాకు కొత్త పళ్ళు. ఏదీ ఊడకుండానే వచ్చాయి."

అమ్మ కట్టుడుపళ్ళు స్టీలు గ్లాసులో ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకుని, చేయి కడుక్కుని వచ్చి, వాడి నోట్లో చూపుడువేలు పెట్టి వెనకదాకా తడిమింది. నాలుగూ లెక్కపెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "నీది ఎడమ కదే?" అంది.

"కుడి. చీటీలో ఎడమ."

"అవునవును" అంది. కాసేపు గ్లాసు వంకే చూసింది.

"పీకించాక ఆ పన్ను ఏం చేశావమ్మా?" అని అడిగాను. ఇన్నేళ్ళకి.

"పెంకుల మీదికే విసిరా. పొద్దుపోయింది, పేడ ఎక్కడా దొరకలేదు. వట్టిదే విసిరేశా" అంది. బోసినోటితో నవ్వింది. "అందుకే మళ్ళీ రాలేదేమో."